మా పచ్చడి సీసా మీద కోషర్ ముద్ర పడేదాకా

పెళ్లై అమెరికా వచ్చేటప్పుడు అమ్మ నాకొక చిన్న జాడీ ఇచ్చింది. పైన గోధుమ రంగు, కింద తెలుపు, మన ఇళ్లలో ఉండే మామూలు పింగాణీ జాడీ. చీరల మధ్య చుట్టి పొన్నూరు నుంచి న్యూయార్క్ దాకా తెచ్చుకున్నాను. పోయినేడు మార్చిలో ఒక యూదు మతగురువు, అంటే రబ్బాయ్, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూత తీసి లోపల చూసి, "చాలా అందంగా ఉంది. కానీ ఇది మాత్రం కుదరదండీ" అన్నారు.

మట్టి పాత్ర, పింగాణీ పాత్ర లోపలికి రుచిని పీల్చుకుంటాయనీ, ఒకసారి పీల్చుకున్నాక దాన్ని బయటికి తీయలేమనీ వాళ్ల నియమం. స్టీలు గిన్నె అయితే 24 గంటలు వాడకుండా ఉంచి, తర్వాత సలసల మరిగే నీళ్లలో ముంచుతారు. అప్పుడది మళ్లీ కోషర్, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపోయేది, అవుతుంది. జాడీకి ఆ దారి లేదు. ఆ సాయంత్రం సబ్‌వేలో జాడీని ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఏడుపు రాలేదు గానీ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది.

ఇదంతా ఎలా మొదలైందో చెప్తాను.

నేనూ, నా స్నేహితురాలూ మన్‌హాటన్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. వాళ్లది బాగ్దాద్ యూదుల కుటుంబం. 1950, 51 సంవత్సరాల్లో దాదాపు 1,20,000 మంది ఇరాక్ యూదులు ఇల్లూ వాకిలీ వదిలేసి విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. వాళ్ల అమ్మమ్మ అప్పుడు ఏడేళ్ల పిల్ల. రామత్ గన్‌లో పెరిగి, పెళ్లయ్యాక న్యూయార్క్ వచ్చి క్వీన్స్‌లో స్థిరపడింది. ఇంట్లో అందరూ ఆవిడని సవ్తా అంటారు, హీబ్రూలో అమ్మమ్మ అని. నేనూ అలాగే పిలుస్తాను.

ఒకరోజు నా స్నేహితురాలు లంచ్‌కి సబీఖ్ తెచ్చింది. పీటా రొట్టెలో వేయించిన వంకాయ ముక్కలు, ఉడికిన గుడ్డు, పైన పసుప్పచ్చటి పచ్చడి. శనివారం వాళ్లు పొయ్యి వెలిగించరు. అందుకని ఇరాక్ యూదుల ఇళ్లలో ఆ పొద్దుటి ఫలహారానికి ముందురోజు వేయించిన వంకాయ, రాత్రంతా సన్నసెగ మీద ఉండి గోధుమ రంగుకి తిరిగిన గుడ్లు ఉంటాయి. అదే ఇప్పుడు సబీఖ్ అయింది. నేను ఆ పచ్చడి మాత్రం కొంచెం వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. మెంతిపిండి. ఆవ. ఉప్పులో ఊరి ఎండిన మామిడికాయ పులుపు.

"ఇది మా మాగాయ" అన్నాను.

"ఇది మా అంబా" అంది.

అంబా అంటే మరాఠీలో మామిడే. 1830లలో డేవిడ్ సాసూన్ అనే యూదు వ్యాపారి కుటుంబం బాగ్దాద్ నుంచి బొంబాయి చేరింది. ఆ తర్వాత ఎందరో బాగ్దాద్ యూదులు వ్యాపారం మీద అక్కడికి వచ్చారు. వాళ్ల ద్వారానే ఈ మామిడికాయ పచ్చడి బొంబాయి నుంచి బాగ్దాద్ వెళ్లిందని సవ్తా కూడా చెప్తుంది. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా చెంప నిమిరి, "అయ్‌నీ, నువ్వు అంబా దేశం పిల్లవి" అంది. అయ్‌నీ అంటే ఇరాక్ అరబిక్‌లో నా కన్ను అని. మనం పిల్లల్ని కన్నా అన్నట్టే అనిపించింది నాకు.

ఇంకో సంగతి. "మీ వైపు యూదులు ఉన్నారటగా, కొత్తరెడ్డిపాలెం అని ఎక్కడో చదివాను" అని నా స్నేహితురాలే ఒకసారి అడిగింది. గుంటూరు నుంచి పొన్నూరు దారిలో చేబ్రోలు పక్కనే ఉంది ఆ ఊరు. బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే తెలుగు కుటుంబాలు అక్కడ చిన్న ప్రార్థనాలయం కట్టుకుని శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తాయి. నాలుగేళ్లు కాలేజీకి బస్సులో ఆ దారినే వెళ్లాను. ఎప్పుడూ తెలుసుకోలేదు. మా జిల్లా గురించి న్యూయార్క్‌లో ఒకరు చెప్తే తెలిసింది నాకు.

పచ్చడి చేసి అమ్ముదాం అన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికి ముందు వచ్చిందో గుర్తులేదు. హెచ్‌-1బి మీద ఉండి ఉంటే నాకు కుదిరేది కాదు, మా ఆయన ద్వారా గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ధైర్యం చేశాను. కోషర్ అవ్వాలన్న పట్టు మాత్రం నా స్నేహితురాలిదే. తను అన్ని నియమాలూ పాటించే మనిషి కాదు. బయట ఎక్కడైనా తింటుంది. అలాంటప్పుడు ఎందుకీ శ్రమ అని అడిగాను.

జవాబు చెప్పకుండా శుక్రవారం రాత్రి భోజనానికి రమ్మంది. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న పన్నెండు మంది వంతులవారీగా ఒకరింట్లో కలుస్తారు. ఇలాంటి భోజనాలు పెట్టుకోవడానికి యువతకు సాయం చేసే వన్‌టేబుల్ అనే సంస్థే ఉంది, 2014లో మొదలైంది. కొవ్వొత్తులు వెలిగించారు, ద్రాక్షరసం మీద ప్రార్థన చదివారు, జడలా అల్లిన హల్లా రొట్టె తుంచి ఉప్పులో అద్ది అందరికీ పంచారు. రష్యా నుంచి వచ్చినవాళ్లు, సిరియా మూలాలవాళ్లు, తాతల కాలం నుంచి బ్రూక్లిన్‌లోనే ఉన్నవాళ్లు, ఎవరి వంట వాళ్లు తెచ్చారు. ఒకమ్మాయి మాత్రం తన డబ్బా తనే తెచ్చుకుని, ప్లాస్టిక్ ఫోర్కుతో అందులోంచే తింది. ఆ అమ్మాయి పూర్తిగా కోషర్. ఎవరూ ఏమీ అనలేదు, నవ్వుతూ మాట్లాడుకున్నారు. కానీ గిన్నెలు చేతులు మారుతూ ఆ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఆమెను దాటి పక్క మనిషికి వెళ్లిపోతుంటే నాకు చాలా కష్టంగా అనిపించింది. కిందికి దిగేటప్పుడు మెట్ల మీద నా స్నేహితురాలు అంది: "మన సీసా ఆ అమ్మాయిని దాటి వెళ్లకూడదు."

ఆ మాటతో నాకు ఇంక సందేహం లేదు.

ఈ ఊళ్లో యూదుల తిండి వ్యాపారాలకు పెద్ద చరిత్రే ఉంది. లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒకప్పుడు వీధి వీధంతా దోసకాయ పచ్చళ్ల పీపాలు ఉండేవట. గ్రాండ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ పీపాల్లోంచి తీసి అమ్మే కొట్టుంది. పొగబెట్టిన చేపలమ్మే రస్ అండ్ డాటర్స్ 1914 నాటిది. నూరేళ్లు నిండిన 2014లో నాలుగో తరం వాళ్లు ఆర్చర్డ్ స్ట్రీట్‌లో కేఫ్ తెరిచారు. మా ఈడు వాళ్లు మాత్రం అమ్మమ్మల బాగ్దాద్, యెమెన్, మొరాకో రుచుల వైపు తిరుగుతున్నారు. హరిస్సా అనే మిరప ముద్ద, తహీనీ అనే నువ్వుల ముద్ద, హల్వా సీసాల్లోకి, డబ్బాల్లోకి ఎక్కాయి. యెమెన్ యూదులు మెంతులు నానబెట్టి గిలక్కొట్టి హిల్బె అనే పచ్చడి చేస్తారు. అది తిన్న రోజు మెంతులు మన సొత్తు అన్న నా నమ్మకం పోయింది, సంతోషంగానే.

ఇక పని. మొదటి దెబ్బ లైసెన్సు దగ్గరే తగిలింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంటి వంటగదిలో చేసి అమ్మడానికి ఒక అనుమతి ఉంది గానీ అది రొట్టెలకీ, జామ్‌లకీ, మసాలా పొడులకీ. పచ్చళ్లకు వర్తించదు. అద్దె కిచెన్ కావాలి, 20-సి అనే లైసెన్సు కావాలి, పచ్చడి తయారీ పద్ధతిని నిపుణులు పరీక్షించి ఒప్పుకోవాలి. పులుపుని కొలిచే పీహెచ్ 4.6 దాటకూడదు, పులుపు తగ్గేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. దాటితే గాలి తగలని సీసాలో ప్రాణాంతకమైన విషం పుట్టే ప్రమాదం ఉంది. మా రాష్ట్రంలోనే జెనీవా అనే ఊళ్లో ఉన్న కార్నెల్ యూనివర్సిటీ ల్యాబ్‌కి సీసాలు పంపాం. పచ్చి మామిడి పులుపు పుణ్యమా అని అక్కడ ఇబ్బంది రాలేదు. కష్టమల్లా కొలతల దగ్గరే. ప్రతిదీ గ్రాముల్లో రాసివ్వమన్నారు.

అమ్మకి వీడియో కాల్ చేశాను. "మెంతిపిండి ఎంతమ్మా?"

"గుప్పెడు."

"గుప్పెడంటే ఎన్ని గ్రాములు?"

"అదేంటే, చేత్తో వేసేదానికి గ్రాములేంటి?"

మా తమ్ముడు ఎదురింటి కిరాణా కొట్లోంచి చిన్న ఎలక్ట్రానిక్ కాటా పట్టుకొచ్చాడు. అమ్మ గుప్పెడు తీసి పోసింది, 38. మళ్లీ తీసింది, 41. మూడోసారి 39. నలభై ఏళ్లుగా మాగాయ పెడుతున్న చెయ్యి అది. ఫోన్లో ఆ అంకెలు చూస్తూ నేను మాట్లాడలేకపోయాను. అమ్మ మాత్రం కాటాని అనుమానంగా చూసి, "నీ మిషన్ సరిగ్గా లేదేమోరా" అంది తమ్ముడితో. మా లేబుల్ వెనకాల ఉన్న కొలత ఆ మూడింటి సగటే.

సవ్తా వైపు కొలతలు ఇంకో కథ. ఆవిడ రుచి చూసి చెప్తుంది తప్ప ముందు చెప్పదు. మొదటి ఐదుసార్లు "మెంతి ఎక్కువైంది, చేదు" అంది. ఆరోసారి చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుని, తర్వాత ఇంకో చెంచా అడిగింది. పసుపు వాళ్ల పాళ్లలో వేశాం, కారం, ఇంగువ తాలింపు మా పాళ్లలో.

కోషర్ పని అసలు ఇక్కడ మొదలైంది. అమెరికాలో సరుకుల డబ్బాల మీద చిన్న వలయంలో యూ అక్షరం మీరు చూసే ఉంటారు. అది ఆర్థడాక్స్ యూనియన్ ముద్ర. 1923లో హైంజ్ బీన్స్ డబ్బాతో మొదలైంది. మేం వెళ్లింది ఒక చిన్న సంస్థకి. వాళ్లడిగిన మొదటి కాగితం దినుసుల జాబితా. కోసిన మామిడికాయకి, ఉప్పుకి ఏ పత్రమూ అక్కర్లేదు. నూనెకి కావాలి, అదే ఫ్యాక్టరీలో జంతువుల కొవ్వు కూడా తయారవుతుందేమో చూడాలి కాబట్టి. వెనిగర్ ద్రాక్షతో చేసినదా అని అడుగుతారు. ఇంగువ దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. మనం కొనే ముద్ద ఇంగువ, పొడి ఇంగువల్లో గోధుమపిండో ఇంకో పిండో కలిపి ఉంటుంది. అది ఎక్కడ పట్టించారు, ఎవరి మిల్లు అన్నది తేలాలి. చివరికి సర్టిఫికెట్ ఉన్న, గోధుమ లేని ఇంగువ దొరికింది.

కారం విషయంలో బాధపడ్డాను. ఎండుమిరపకాయలు తొడిమలు తీయించి, దగ్గరుండి మర పట్టించి అమ్మ పంపిన కారం అది. "ఈ మిల్లులో ఇంకేం పడతారు?" అని రబ్బాయ్ అడిగితే ఏం చెప్పను? పసుపు పడతారు, ధనియాలు పడతారు, ఎవరేం తెస్తే అది పడతారు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ కారం మా ఇంటి వాడకానికి మిగిలింది. తర్వాత వెతికితే మన దేశం నుంచి మసాలాలు ఎగుమతి చేసే కంపెనీల్లో కోషర్ సర్టిఫికెట్ ఉన్నవి చాలానే కనబడ్డాయి. అలా మళ్లీ గుంటూరు మిరపకే చేరుకున్నాం, ఈసారి కాగితంతో సహా.

కిచెన్ విషయంలో మోసపోయాం. కోషర్ అని చెప్పి అడ్వాన్సు తీసుకున్న ఒక షేర్డ్ కిచెన్‌కి అసలు పర్యవేక్షణే లేదు. రబ్బాయ్ ఫోన్ చేసి కనుక్కునేదాకా మాకు తెలియలేదు. డబ్బు వెనక్కి రాలేదు. రెండు నెలలు పోయాయి, ఆ టెన్షన్‌లో ఇద్దరం ఒకసారి గట్టిగా అరుచుకున్నాం కూడా. అప్పుడు ఆదుకున్నది హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ. 1892లో లోయర్ ఈస్ట్ సైడ్‌లో పుట్టిన సంస్థ. కష్టంలో ఉన్నవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చెప్పింది కాబట్టి ఇప్పటికీ వడ్డీ లేకుండానే అప్పిస్తారు, ఏ మతం వాళ్లకైనా. హామీ సంతకాలు కావాలి. ఒకటి తన మేనమామ పెట్టాడు, ఇంకోటి మా ఆయన. వడ్డీ వ్యాపారుల దగ్గర నలిగిపోయిన రైతుల్ని చూస్తూ పెరిగినదాన్ని. నూట ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి చోటు నడుస్తోందంటే నాకు నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఒక ప్రశ్న మాత్రం నేను చాలా రోజులు లోపలే దాచుకుని చివరికి అడిగాను. మా నాయనమ్మ పచ్చళ్ల రోజుల్లో మడి కట్టుకునేది. జాడీ దగ్గరికి పిల్లల్ని రానిచ్చేది కాదు. పొలంలోంచి ఆ కాయలు కోసి, మోసి తెచ్చినవాళ్లని వసారా కూడా ఎక్కనిచ్చేది కాదు. అది తప్పని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. కాబట్టి రబ్బాయ్‌ని సూటిగానే అడిగాను: "నేను యూదురాలిని కాదు. నా చెయ్యి తగిలితే పచ్చడి పనికిరాదా?"

ఆయన వెంటనే, "చేతికీ దీనికీ సంబంధం లేదు. మీరు కోయండి, కలపండి, రుచి చూడండి" అన్నారు. తర్వాత దాచకుండా మిగతాదీ చెప్పారు. పచ్చిగా తినలేని, విందులో వడ్డించదగిన వంటకం వండేటప్పుడు వంటలో ఒక యూదు చెయ్యి ఉండాలన్న నియమం ఉంది. మామిడి పచ్చిగా తినేదే కాబట్టి మా పచ్చడికి ఆ ఇబ్బంది లేదు. గోంగూర వండితే మాత్రం నా స్నేహితురాలు పొయ్యి వెలిగించి, మూకుడు కూడా తనే పెడితే మంచిదన్నారు, వాళ్ల ఆచారంలో పట్టింపు కాస్త ఎక్కువట. ఎందుకీ నియమం అంటే, మరీ కలిసిపోయి పెళ్లిళ్ల దాకా వెళ్లకుండా పూర్వం పెట్టుకున్న కట్టుబాటు అన్నారు. అది విని మనసు కాస్త ముడుచుకుంది. ఇప్పటికీ ఆ కారణం నాకు నచ్చదు. కానీ ఆయన నా కళ్లలోకి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పిన తీరు నాకు నచ్చింది. గోంగూర చేసే రోజు పొద్దున తను పొయ్యి వెలిగిస్తుంది, నేను గరిటె తీసుకుంటాను.

గోంగూర అంటే గుర్తొచ్చింది. ఆకు కూరల్లో కంటికి కనబడే పురుగు ఒక్కటున్నా కోషర్ కాదు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కట్టలు తెచ్చి, ఆకు కోసి, సబ్బు నీళ్లలో నానబెట్టి, ధార కింద రెండు వైపులా కడిగి, కింద నుంచి లైటు వెలిగే తెల్లటి పలక మీద ఒక్కో ఆకూ పరిచి చూడాలి. తనిఖీకి వచ్చే ఆయన్ని మష్గియాఖ్ అంటారు. మొదటి రోజు ఆయన ఒక ఆకు ఈనె పక్కన గోటితో చూపించారు. నాకేం కనబడలేదు. వంగి చూస్తే నూగు మొలకంత సన్నటి గీత, కదిలింది. పుట్టినప్పటి నుంచి గోంగూర తింటున్నాను, ఆకు మీద ఈనెలు అలా చేతి రేఖల్లా విడిపోతాయని, ఎర్ర కాడ దగ్గర లేత గులాబీ రంగు ఉంటుందని ఆ వెలుగులోనే చూశాను. పస్కా పండక్కి ముందు సవ్తా బియ్యాన్ని మూడుసార్లు ఏరుతుందని నా స్నేహితురాలు చెప్పినప్పుడు, చేట ముందు పెట్టుకుని కూర్చున్న మా నాయనమ్మే కళ్ల ముందు మెదిలింది.

పస్కా ఎనిమిది రోజులూ మా పచ్చడి అమ్మం. ఐరోపా మూలాల యూదులు చాలామంది ఆ రోజుల్లో ఆవాలు, నువ్వులు ముట్టరు. శనివారం వండం, అమ్మం. మంచి బేరాలుండే శనివారం మార్కెట్లు అలా పోయాయి. ఆదివారం సంతలో చిన్న బల్ల దొరికింది, అదే నడుపుకుంటున్నాం.

జూన్‌లో సర్టిఫికెట్ వచ్చింది. ముద్ర కింద పార్వె అని ఉంటుంది. వాళ్లు పాలు, మాంసం కలిపి తినరు. పార్వె అంటే అందులో పాలూ లేవు, మాంసమూ లేదు, దేనితోనైనా తినొచ్చు. ఆ శుక్రవారం భోజనం మా స్నేహితుల్లో ఒకరి ఇంట్లో, ప్రాస్పెక్ట్ పార్క్ దగ్గర. సీసా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాం, దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చేతులు మారుతూ మారుతూ డబ్బా తెచ్చుకున్న అమ్మాయి దగ్గరికి వెళ్లింది. అలవాటుగా పక్కవాళ్లకి ఇవ్వబోయి ఆగింది. సీసా తిప్పి ముద్ర చూసింది. మూత ఇంకా తీయలేదని కూడా చూసుకుంది. తర్వాత తనే మూత తిప్పింది, టక్కుమని చప్పుడైంది. తన ఫోర్కుతో రెండు ముక్కలు తీసి డబ్బాలో అన్నం మీద వేసుకుని, "ఇది ఎవరు చేశారు?" అని అడిగింది.

ఇద్దరం ఒకేసారి చెయ్యెత్తాం.

జాడీ మా వంటింట్లోనే ఉంది. అమ్మ పంపిన కారంతో పెట్టుకున్న మాగాయ అందులో ఉంది, మా ఇంటి వరకు. సోమవారం ఎడిసన్ నుంచి గోంగూర వస్తోంది, ఇరవై కట్టలు. ఈసారి సవ్తా కూడా ఆకు కోయడానికి వస్తానంది.